గొర్రె అని రాసిన చోట ప్రశ్నార్థకం: ఒక వెటర్నరీ అమ్మాయి, మూడు బస్తాల ఎముకలు

ఈ కేసు రాయమని నన్ను అడిగింది ఆ అమ్మాయే. "నాలాగా వెటర్నరీ చదివి ఈ పాత ఎముకల పనిలోకి వద్దామా వద్దా అని ఊగిసలాడేవాళ్ళు ఉంటారు సార్, వాళ్ళకి పనికొస్తుంది, కానీ నా పేరూ ఊరూ రాయొద్దు" అంది. అందుకని ఇందులో పేర్లు లేవు, తవ్వకం జరిగిన ఊరు చెప్పను, గుర్తుపట్టే చిన్న వివరాలు కొన్ని మార్చాను. ఎముకల గురించి చెప్పేది మాత్రం ఏదీ మార్చలేదు, అక్కడ మారిస్తే ఈ రాత వల్ల ఉపయోగమే లేదు.

నేపథ్యం

తవ్వకాల్లో దొరికే జంతువుల ఎముకల మీద పని చేస్తాను నేను, ఇరవై ఏళ్ళు దాటింది. దీన్ని ఆర్కియోజువాలజీ అంటారు, కొందరు జూఆర్కియాలజీ అంటారు, రెండూ ఒకటే. బయోఆర్కియాలజీ అనే మాట దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండాలి, 1972లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త గ్రాహమ్ క్లార్క్ ఆ మాటని జంతువుల ఎముకల గురించే వాడాడు, ఆ తర్వాత 1977లో అమెరికాలో జేన్ బైక్‌స్ట్రా మనుషుల అస్థిపంజరాల అధ్యయనానికి వాడింది, ఇప్పుడు అమెరికా యూనివర్సిటీల్లో ఆ మాట కనపడితే చాలావరకు మనుషుల ఎముకలనే అర్థం. ఈ తేడా తెలీక ఆ అమ్మాయి మొదటి ఆరు నెలలు మనుషుల ఎముకల కోర్సులకే అప్లికేషన్లు పెట్టింది, ఫీజులు కట్టి మరీ.

ఆమెది రాయలసీమ. తాత గొర్రెలు కాసిన మనిషి, నాన్నకి కొంచెం పొలం. బీవీఎస్సీ అయిపోయింది, ఇంటర్న్‌షిప్ అయిపోయింది, ఇంట్లో వాళ్ళంతా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. ఈమెకేమో కాలేజీలో ఉండగా ఒక మ్యూజియంలో ఎద్దుల గిట్టల ముద్రలున్న బూడిద దిబ్బ ఫోటో చూసినప్పటి నుంచి అదే ధ్యాస. ఆ ఫోటో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరుది (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు), 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన చోటు. వేల ఏళ్ళ కింద పశువుల్ని దొడ్లో కట్టేస్తే పేడ పేరుకుని, దాన్ని తగలబెట్టి, మళ్ళీ పేరుకుని, మళ్ళీ తగలబెట్టి అలా దిబ్బలైపోయాయి, ఆ బూడిదలో గిట్టల ముద్రలు అలాగే ఉండిపోయాయి. "మా తాత దొడ్డి కూడా ఇట్లాగే ఉండేది సార్" అంది మొదటి రోజే. ఆ మాట విన్నాక వెనక్కి పంపబుద్ధి కాలేదు నాకు.

సమస్య ఏంటంటే

ఆమె అడిగిన ప్రశ్న ఒకటే, "ఇందులో ఉద్యోగం ఉందా లేదా, సూటిగా చెప్పండి".

సూటిగానే చెప్పాను. మన దేశంలో పర్మినెంట్ పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పుణె దక్కన్ కాలేజీలో ఆర్కియోజువాలజీ ల్యాబ్ ఉంది, పి.కె. థామస్, జోగ్లేకర్ లాంటి వాళ్ళు అక్కడే తరాలని తయారుచేశారు. కలకత్తా కేంద్రంగా ఉన్న ఆంత్రొపలాజికల్ సర్వే, జువాలజికల్ సర్వే, లక్నోలో బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్, ఇంకా కొన్ని యూనివర్సిటీల ఆర్కియాలజీ డిపార్ట్‌మెంట్లు. మిగతాదంతా ప్రాజెక్టులే, ఏడాదికో రెండేళ్ళకో రెన్యూ అయ్యేవి. ఇంతకంటే తియ్యగా చెప్పి ఒక పిల్ల జీవితంతో ఆడుకోలేను.

కానీ ఆ జవాబు ఒక్కటే చెప్పి పంపేస్తే అన్యాయం అనిపించింది. ఎందుకంటే ఈ పని తనకి పడుతుందో లేదో ఆమెకే ఇంకా తెలీదు. నెలల తరబడి బొటనవేలంత ముక్కలు ముందేసుకుని కూర్చోవడం అందరి వల్లా కాదు, చాలామందికి రెండో వారానికే విసుగొస్తుంది, అందులో తప్పేం లేదు. అప్పటికి మా గోడౌన్‌లో మూడు బస్తాల ఎముకలు పడున్నాయి. తుంగభద్ర చుట్టుపక్కల ఒక కొత్తరాతియుగం చోట దాదాపు పదిహేనేళ్ళ కింద తవ్వినవి, తవ్విన పెద్దాయన రిటైరైపోయారు, ఫైనల్ రిపోర్ట్‌లో ఎముకల చాప్టర్ ఒక్కటే బాకీ. ఆయన ప్రాథమిక నివేదికలో "ఇక్కడివాళ్ళు ప్రధానంగా గొర్రెల కాపరులు" అని ఒక వాక్యం రాసి పెట్టేశారు, ఎముకలు పూర్తిగా చూడకముందే.

ఆ వాక్యం నన్ను ఎప్పటి నుంచో కెలుకుతోంది. ఆ ప్రాంతంలో ఆ కాలం అంటే ముందుగా గుర్తొచ్చేది ఆవులే. ఉట్నూరు అదే చెప్పింది, కర్ణాటకలో బూదిహాళ్‌లో పద్దయ్య గారి తవ్వకాల్లో పశువుల్ని కోసిన నేల అచ్చంగా బయటపడింది. అలాంటి చోట గొర్రెలదే పైచెయ్యి అంటే అది పెద్ద కబురే, నిజమైతే. నిజమో కాదో ఎముకలే చెప్పాలి. అందుకని ఆమెతో, "ఉద్యోగం సంగతి ఏడాది తర్వాత మాట్లాడుకుందాం అమ్మా, ముందు ఈ బస్తాలు విప్పు" అన్నాను. ఒక చిన్న గ్రాంట్‌లోంచి నెలకి కొంత ఇచ్చే ఏర్పాటు చేశాను. ఉత్తినే పని చేయించుకోవడానికి నేను ఒప్పుకోను, ఈ ఫీల్డ్‌లో ఆ అలవాటు చాలా ఎక్కువ, దానివల్ల డబ్బున్న ఇళ్ళ పిల్లలు మాత్రమే మిగులుతున్నారు.

మొదటి ప్రయత్నం, అది ఎలా బెడిసింది

రెండు నెలల్లో మొదటి బస్తా పూర్తి చేసి షీట్ తెచ్చి ఇచ్చింది. చూసి ఒకేసారి సంతోషం, భయం రెండూ వేశాయి. దాదాపు ప్రతి ముక్కకీ ఒక జంతువు పేరు ఉంది. గొర్రె, గొర్రె, ఆవు, గొర్రె, మేక, గొర్రె. కాలిపోయి పగిలిపోయి కుక్కలు కొరికిన సామాన్లో సగం ముక్కలకి జాతి పేరు చెప్పగలిగితేనే నా అనుభవంలో చాలా గొప్ప. ఈమె ఏమో పదికి తొమ్మిది చెప్పేసింది.

తప్పు ఆమె చదువులో లేదు. అనాటమీ ఆమెకి నాకన్నా బాగా వచ్చు, కండరం ఎక్కడ అంటుకుంటుందో నరం ఏ రంధ్రంలోంచి పోతుందో కళ్ళు మూసుకుని చెప్తుంది. కానీ వెటర్నరీ కాలేజీలో టేబుల్ మీద పెట్టేది పూర్తి ఎముక, పైగా ఏ జంతువుదో ముందే తెలుసు. అక్కడ ప్రశ్న "ఇది ఏ ఎముక" అని. ఇక్కడ ప్రశ్న "ఇది ఎవరిది", అదీ కొస విరిగిపోయిన ముక్కని పట్టుకుని. గొర్రె, మేక అస్థిపంజరాలు ఎంత దగ్గరగా ఉంటాయంటే 1960ల్లో జర్మనీలో బోయెస్నెక్ వాళ్ళు ఎముక ఎముకకీ తేడాలు కూర్చుని రాస్తే తప్ప ఎవరికీ ధీమాగా చెప్పే వీలు లేకపోయింది.

నేను అప్పుడే "ఇది తప్పు" అని చెప్పొచ్చు. చెప్పలేదు, కారణం ఉంది. నా మాట మీద గౌరవంతో మార్చుకుంటే ఆమె కంటికి ఏమీ రాదు, రేపు నేను లేనప్పుడు మళ్ళీ అదే చేస్తుంది. అందుకని పరీక్ష పెట్టాను. మా ల్యాబ్‌లో డూప్లికేట్లుగా ఉన్న ఈ కాలపు గొర్రె, మేక ఎముకల్ని సుత్తితో పగలగొట్టాను. మా దగ్గర అటవీశాఖ అనుమతితో ఒక జూ నుంచి వచ్చిన కృష్ణజింక అస్థిపంజరం ఒక్కటే ఒక్కటి ఉంది, దాన్ని పగలగొట్టలేం కదా, అందుకని ఎముకని గుడ్డతో చుట్టి కొస మాత్రం కనపడేలా పెట్టాను. మొత్తం నలభై. పదిహేడు తప్పు చెప్పింది. అంతకంటే ముఖ్యం, తప్పులన్నీ ఒకే వైపు పోయాయి, కృష్ణజింక కొసలు అన్నీ "గొర్రె" అయిపోయాయి, ఒక్కటి కూడా తప్పించుకోలేదు.

ఎందుకో తర్వాత ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆమె మనసులో ఉన్న జాబితాలో కృష్ణజింక అసలు లేదు. కాలేజీలో చదివిందంతా ఇంట్లో పెంచే జంతువులే. జాబితాలో లేని పేరు జవాబుగా ఎలా వస్తుంది? కర్నూలు వైపు మైదానాల్లో నిన్న మొన్నటి దాకా మందలు మందలుగా తిరిగిన జంతువు, ఇప్పటికీ రోళ్ళపాడు దగ్గర ఉంది, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా అదే, నాలుగు వేల ఏళ్ళ కింద అక్కడ లేకుండా ఎలా ఉంటుంది! దానితోపాటు చింకారా అనే చిన్న జింక, కొండగొర్రె (పేరుకే గొర్రె, నిజానికి నాలుగు కొమ్ముల జింక) కూడా సైజులో అటూ ఇటూగా అక్కడికే వస్తాయి. పెద్దాయన రాసిన "గొర్రెల కాపరులు" అనే వాక్యం కూడా ఇలాగే పుట్టి ఉంటుందని నాకు అనుమానం వచ్చింది, చిన్న సైజు గిట్టల జంతువు ఏది కనపడినా గొర్రె ఖాతాలో వేసేయడం.

ఆ రోజు ఆమె చాలా సేపు ఏం మాట్లాడలేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు షీట్ మొత్తం కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి చేస్తానంది. నేను వద్దన్నాను, పాత షీట్ అలాగే ఉంచి పక్కన కొత్త కాలమ్ పెట్టమన్నాను. ఎక్కడ మారాం ఎందుకు మారాం అన్నది కూడా డేటానే.

రెండో ప్రయత్నం, నా తప్పు

ఇది నేను ఒప్పుకోవాల్సిన భాగం. కంటితో తేలనిది ప్రొటీన్‌తో తేలుతుంది కదా అని తొందరపడ్డాను. జూమ్స్ అని ఒక పద్ధతి ఉంది, ఎముకలో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ కొంచెం తీసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితే పెప్టైడ్ల (ఆ ప్రొటీన్ తునకల) బరువుల్ని బట్టి గొర్రెనా మేకనా జింకనా చెప్పేస్తుంది, ముక్క ఎంత చిన్నదైనా సరే. అదే మాకు కావాల్సింది అనుకున్నాను. పది ముక్కలు ఎంచి ఒక ల్యాబ్‌కి పంపాం. ఎనిమిది నెలలు పట్టింది. ఒక్కదాంట్లో కూడా పనికొచ్చే కొల్లాజెన్ లేదు.

ఆలోచిస్తే ముందే తెలియాల్సిన విషయం. మన ఎండకి, వానాకాలం తడి మళ్ళీ ఎండ అనే ఈ చక్రానికి ఎముకలో కొల్లాజెన్ నిలవడం కష్టం. డీఎన్‌ఏ అయితే ఇంకా కష్టం, హర్యానాలో సింధు నాగరికత చోటైన రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే ఆశ కనపడింది ఒక్కదాంట్లోనే, ఆ ఒక్కదాంతోనే 2019లో ఆ పేపర్ వచ్చింది. అది మనకన్నా ఎంతో ఉత్తరాన ఉన్న చోటు. పైగా మా బస్తాల్లో చాలా ఎముకలు కాలాయి, గోధుమ రంగు, నలుపు, కొన్ని తెల్లగా సుద్దముక్కలా అయిపోయాయి, తెల్లబడిందంటే అందులో ప్రొటీన్ అనేదే మిగల్లేదని. పంపేముందు ముక్క కాస్త పొడి చేసి నైట్రోజన్ శాతం చూసుకుని ఉంటే, ఆ టెస్ట్ ఖర్చు చాలా తక్కువ, కొల్లాజెన్ ఉందో లేదో అక్కడే తెలిసిపోయేది. పది ముక్కలు పాడయ్యాయి, అవి తిరిగి రావు, ఎవరి పూర్వీకులో తిని పారేసిన ఎముకలైనా సరే మన చేతిలో ఉన్నది ఒక్కటే ప్రతి. ఇప్పుడు నా ల్యాబ్‌లో నైట్రోజన్ చూడకుండా ఏ ముక్కా బయటికి పోదు.

ఈ ఎనిమిది నెలల్లోనే ఆమె రెండు చోట్ల పీహెచ్‌డీకి ప్రపోజల్ పెట్టింది, రెండూ పురాతన డీఎన్‌ఏ మీద, ఎందుకంటే ఇప్పుడంతా దాని గురించే మాట్లాడుతున్నారు కదా. రెండు చోట్లా తిరిగొచ్చాయి. ఒక చోట ఇంటర్వ్యూలో "మీ ఎముకల్లో డీఎన్‌ఏ ఉంటుందని ఏంటి నమ్మకం" అని అడిగారట. జవాబు లేదు. ఇంట్లోనేమో నోటిఫికేషన్ పడింది, అప్లై చెయ్యి అని ఒత్తిడి. ఆ టైంలో ఆమె మానేస్తుందేమో అనుకున్నాను, మానేసినా నేను తప్పుపట్టేవాణ్ణి కాదు. అప్లై చెయ్యమనే చెప్పాను కూడా, రెండు తలుపులు తెరిచి ఉంచుకోవడంలో నష్టం లేదు.

ఏది పని చేసింది

పని చేసింది మటన్ కొట్టు.

యూరప్ వాళ్ళు రాసిన తేడాలన్నీ ఎక్కువగా వాళ్ళ జాతుల మీద చూసి రాసినవి. ఉదాహరణకి ముందు కాలి కింది గొట్టం ఎముక, మెటాకార్పల్, మేకలో పొట్టిగా వెడల్పుగా, గొర్రెలో కొంచెం సన్నగా ఉంటుందంటారు, కృష్ణజింకలో ఇంకా పొడుగ్గా నాజూగ్గా ఉంటుంది. ఇప్పుడు మన నెల్లూరు గొర్రెని తీసుకోండి, మన దేశం గొర్రెల్లో పొడుగు కాళ్ళకి పేరున్న జాతి, దాని మెటాకార్పల్ ముక్క చూసి ఎవరైనా కంగారుపడతారు. దక్కని గొర్రె వేరే కథ, ఉన్ని ఉంటుంది, పొట్టి. కాబట్టి మన నేల మీద దొరికిన ఎముకని మన గొర్రెతో పోల్చాలి. ఈ నిర్ణయానికి రావడానికి మాకు ఏడాది పట్టిందంటే అది నా వైపు ఆలస్యమే.

ఆమె తన ఊరి దగ్గరి టౌన్లో ఒక మటన్ కొట్టు భాయ్‌తో మాట్లాడుకుంది. కాళ్ళు, తలకాయ కావాలి, కానీ కాల్చొద్దు, కత్తితో కొట్టొద్దు, ఏ జాతి ఎంత వయసు అని కాగితం మీద రాసి సంచిలో వెయ్యాలి. ఆయనకి మొదట అర్థం కాలేదు, పాయాకి అయితే కాల్చకపోతే ఎలా అన్నాడట. నెల తర్వాత ఆయనే ఫోన్ చేసి "మేడమ్, ఇవాళ అసలైన నెల్లూరు పొట్టేలు వచ్చింది, రండి" అనేవాడు. ఎముకలు శుభ్రం చేయడం ఆమె పెరట్లోనే, మాంసం గీకేసి డ్రమ్ములో నీళ్ళు పోసి వారాల తరబడి కుళ్ళబెట్టి కడగడం, వాసనకి పక్కింటివాళ్ళు గొడవ పడ్డారు. గబగబా అయిపోవాలని బ్లీచింగ్ వేస్తే ఎముక పైపొర పాడవుతుంది, అందుకని ఆ దారి మేం పట్టలేదు. కృష్ణజింక విషయంలో మాత్రం షార్ట్‌కట్ లేదు, 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జంతువు, రోడ్డు పక్కన చచ్చి పడున్నా ఎముక తెచ్చుకోకూడదు. ఉత్తరాలు రాసి, అనుమతులు తీసుకుని, వేరే సంస్థల్లో ఉన్న అస్థిపంజరాల దగ్గరికే ఆమె వెళ్ళి కొలతలు తీసుకుంది. కృష్ణజింకకీ గొర్రె మేకలకీ ఎముకల్లో తేడాలు దక్కన్ కాలేజీ వాళ్ళు ముందే పని చేసి పెట్టారు, అది మాకు చాలా ఆసరా అయింది.

వయసు దగ్గర ఇంకో మంచి విషయం జరిగింది. దవడ పళ్ళు అరిగిన తీరుని బట్టి ఎంత వయసులో కోశారో చెప్పొచ్చు, 1973లో జంతువుల ఎముకల నిపుణుడు సెబాస్టియన్ పేన్ గొర్రె మేకలకి దశలు చేసి పెట్టాడు. ఆ దశల్ని మన గొర్రెలతో సరిచూద్దామని ఆమె వాళ్ళ తాత తోటివాడైన ఒక కాపరి దగ్గరికి వెళ్ళింది. ఆయన గొర్రె నోరు తెరిచి "ఇది పాలపండ్లు పాపా, ఇది రెండు పండ్లది, ఇది నాలుగు, ఇది ఆరు" అని వరసగా చెప్పుకుంటూ పోయాడట, ముందు పళ్ళు చూసి. మనకి తవ్వకంలో ముందు పళ్ళు రాలిపోయి దవడ పళ్ళే మిగుల్తాయి, కాబట్టి ఆయన చెప్పిన వయసుని ఆ గొర్రె దవడ పళ్ళ అరుగుదలతో పక్కపక్కన పెట్టుకుంటూ ఆమె మూడు రోజులు మంద వెంట తిరిగింది. ఆ నోట్‌బుక్ నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

ఆ తర్వాత పాత షీట్ పక్కన కొత్త కాలమ్ నిండటం మొదలైంది. నియమం ఒకటే పెట్టుకున్నాం: గుర్తుపట్టే భాగం ఆ ముక్క మీద నిజంగా ఉంటేనే పేరు. మెటాకార్పల్ కింది కొసలో కీలు గాడి బయటి అంచు మందం కనపడితే గొర్రెనా మేకనా అడగొచ్చు, అది విరిగిపోతే అడక్కూడదు, "చిన్న గిట్టల జంతువు" అని రాసి వదిలెయ్యాలి. పాలదవడ పన్ను ఉంటే చాలా ధీమాగా చెప్పొచ్చు, పేన్ 1985లో దాని మీద రాసింది ఇప్పటికీ చక్కగా నిలబడుతోంది. పెద్ద దవడ పళ్ళ మీద అంత నమ్మకం పెట్టుకోకూడదని 2010లో మెలిండా జీడర్ వాళ్ళు పరీక్షించి మరీ చెప్పారు. ప్రతి ముక్కా మూడు వారాల తర్వాత వరస మార్చి మళ్ళీ చూడాలి, రెండుసార్లూ ఒకే పేరు వస్తేనే ఉంచాలి.

ఇలా చేస్తే "గొర్రె" అన్నవి కుప్పలో కొద్దిగా మాత్రమే మిగిలాయి. మేక కొన్ని. కృష్ణజింక ఖాయంగా ఉంది, ఒకటి రెండు కాదు. వీటన్నిటికంటే ఆవుజాతి ఎముకలే ఎక్కువ. వెన్నుపూసల్లో పైకి లేచే ముల్లు కొస రెండుగా చీలి ఉన్నవి మూడు దొరికాయి, అది మూపురం ఉన్న ఆవుల్లో కనిపించే లక్షణం. అవి బయటపడ్డ రోజు ఆమె ల్యాబ్ నుంచి ఇంటికి ఫోన్ చేసి తాతతో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను వినలేదు కానీ చాలాసేపు మాట్లాడింది.

ఇంకో సంగతి సంచుల మీది చీటీల్లో దొరికింది. పెద్దాయన రిపోర్ట్‌లో "కాళ్ళ చివరి ఎముకలు లేవు, కాబట్టి జంతువుల్ని వేరే చోట కోసి మాంసం మాత్రమే తెచ్చుకున్నారు" అని ఇంకో వాక్యం ఉంది. ఆమె చీటీలన్నీ మళ్ళీ చదివితే ఒక గుంట సంచుల మీద మాత్రం "జల్లెడ" అని రాసుంది. ఆ సంచుల్లో వేలి ఎముకలు, మడమ కీలు ఎముకలు, చేప వెన్నుపూసలు, ఎలుక దవడలు కూడా ఉన్నాయి. మిగతా గుంటల్లో మట్టిని చేత్తో ఏరారు, చేతికి చిన్నవి దొరకలేదు, అంతే. గ్రీసులో సీతాగ్రోయ్ దగ్గర పేన్ ఇదే పరీక్ష చేసి 1972లో రాశాడు, జల్లెడ పట్టకపోతే చిన్న జంతువులు, చిన్న ఎముకలు లెక్కలోంచి మాయమైపోతాయని. యాభై ఏళ్ళ కింద తేలిన విషయం, మన దగ్గర ఇప్పటికీ జల్లెడకి కూలీ డబ్బులు లేవంటారు. నాకు దీని మీద చాలా బాధ ఉంది. ల్యాబ్‌లో ఎంత కష్టపడినా గుంట దగ్గర పారేసిన మట్టిలోంచి ఎముక తిరిగి రాదు.

పెద్దాయనతో మాట

ఫలితాలు తీసుకుని ఇద్దరం ఆయన ఇంటికి వెళ్ళాం. మర్యాదగానే విన్నారు. గొర్రెల కాపరుల వాక్యం తీసేయడానికి ఒప్పుకున్నారు, కొంచెం టైం పట్టింది గానీ ఒప్పుకున్నారు. ఆ తర్వాత, "సరే, పాల గురించి ఒక వాక్యం రాయమ్మా, ఇక్కడ పాడి ఉండేదని, చదివేవాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది" అన్నారు.

పాడి ఉందనడానికి ఎముకల్లో ఒక ఆనవాలు వెతుకుతారు, పాలు మనుషులకి మిగలాలని లేత పిల్లల్ని, ముఖ్యంగా మగపిల్లల్ని తొందరగా కోసేస్తే మరీ లేత దవడలు ఎక్కువగా కనపడాలి. మా కుప్పలో వయసు చెప్పగలిగిన దవడలే చాలా తక్కువ. లేత దవడలు పెళుసుగా ఉంటాయి, కుక్కలు నమిలేస్తాయి, చేత్తో ఏరితే దొరకవు, కాబట్టి లేకపోతే లేవనీ చెప్పలేం, ఉన్నాయనీ చెప్పలేం. నేను నోరు తెరిచేలోపే ఆమె, "సార్, ఈ సంఖ్యతో నేను రాయలేను, రాస్తే అది నా ఊహ అవుతుంది" అంది. ఆయన వయసుకీ అనుభవానికీ ఆ మాట అనడం తేలిక కాదు. ఆయన కాసేపు ఊరుకుని, టీ తాగండి అన్నారు. రిపోర్ట్‌లో ఆ వాక్యం లేదు.

రెండేళ్ళ కింద అదే అమ్మాయి పదికి తొమ్మిది ముక్కలకి పేర్లు రాసింది. ఈ కేసులో నన్ను రాయడానికి కూర్చోబెట్టింది ఈ తేడానే, చాప్టర్‌లో వచ్చిన ఫలితం కంటే కూడా.

ఉద్యోగం ఏమైంది

అడుగుతారని తెలుసు. వెటర్నరీ పోస్ట్ మొదటిసారి రాలేదు. పీహెచ్‌డీకి మూడోసారి ప్రపోజల్ పెట్టేటప్పుడు డీఎన్‌ఏ మాట తీసేసి, దక్షిణాది చిన్న గిట్టల జంతువుల ఎముకల్ని వేరు చేసే కొలతల మీద పెట్టమన్నాను, ఎందుకంటే ఆ పని ఆమె చేతిలో అప్పటికే సగం అయింది, ఎవరైనా అడిగితే చూపించడానికి బల్ల మీద ఎముకలున్నాయి. ఈసారి సీటు వచ్చింది, ఫెలోషిప్ లేకుండా.

ఫెలోషిప్ లేకుండా చేరమని నేను చెప్పలేదు. ఈలోపు ఆమెకి ఇంకో దారి దొరికింది, దాన్ని నేను ముందు ఊహించలేదు. వన్యప్రాణి నేరాల కేసుల్లో పట్టుబడ్డ మాంసం, ఎముకలు ఏ జంతువువో చెప్పాలి, కోర్టులో నిలబడాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ వాళ్ళ వన్యప్రాణి ల్యాబ్ లాకోన్స్, డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఈ పని చేస్తాయి, అక్కడ ఎక్కువగా డీఎన్‌ఏతో తేలుస్తారు, కానీ వచ్చిన మూటలో ముందు ఏ ముక్క చూడాలి, ఇది గొర్రెనా జింకనా అన్న మొదటి చూపుకి ఎముక తెలిసిన మనిషి కావాలి. అలాంటి పనిలోనే ఒక సంస్థలో కాంట్రాక్ట్ పోస్ట్ పడితే అప్లై చేసింది. ఇంటర్వ్యూలో ట్రేలో కొన్ని ముక్కలు పెట్టి చెప్పమన్నారట. మూడింటికి పేరు చెప్పి, రెండింటికి "ఇంత వరకే చెప్పగలను" అని, ఎందుకో చెప్పిందట. తీసుకున్నారు. జీతం గొప్పగా లేదు, ఏడాదికోసారి రెన్యూవల్, ఇంట్లో ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. పీహెచ్‌డీ పార్ట్‌టైమ్‌గా మార్చుకుంది.

ఇదే దారిలో రావాలనుకునేవాళ్ళకి నా దగ్గర ఉన్నది చెప్తాను. వెటర్నరీ, జువాలజీ, ఆంత్రొపాలజీ ఏది చదివినా సరే, ఆర్కియాలజీలో ఎంఏ గానీ, గ్రేటర్ నోయిడాలో ఏఎస్‌ఐ (కేంద్ర పురావస్తు శాఖ) ఇన్‌స్టిట్యూట్ రెండేళ్ళ పీజీ డిప్లొమా గానీ కనుక్కోండి, అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్లోనే చూడండి. యూజీసీ నెట్‌లో ఆర్కియాలజీ ఒక సబ్జెక్ట్‌గా ఉంది, జేఆర్ఎఫ్ వస్తే ఫెలోషిప్ బెంగ తీరుతుంది, ఆమెకి ఈ సలహా నేను మొదటి రోజే ఇచ్చి ఉండాల్సింది. బయటి దేశం అయితే ఇంగ్లండ్‌లో యార్క్ యూనివర్సిటీ లాంటి చోట్ల మాస్టర్స్‌లో జూఆర్కియాలజీ చదవొచ్చు, ఖర్చు చాలా ఎక్కువ, అప్పు చేసి వెళ్ళేముందు ఇక్కడ ఒక బస్తా అయినా విప్పి చూడండి. మీ ఊళ్ళో మటన్ కొట్టు ఉంటే ఈ ఆదివారమే ఒక జత కాళ్ళు తెచ్చుకుని శుభ్రం చేసి బల్ల మీద పెట్టుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మూడో బస్తా ఇంకా పూర్తవలేదు. జల్లెడ గుంట సంచులు అందులోనే ఉన్నాయి, చేప వెన్నుపూసలు చూడటానికి మా ఇద్దరికీ రాదు, ఆ పని తెలిసినవాళ్ళని వెతుకుతున్నాం. ఎండాకాలం సెలవు పెట్టుకుని వస్తానంది. అప్పటిదాకా మొదటి బస్తాలోంచి తీసిన ఒక మెటాకార్పల్ ముక్క నా బల్ల మీద అట్టపెట్టెలో ఉంది, చీటీ మీద ఆమె మొదట రాసిన "గొర్రె" కొట్టేసి ఉంది, పక్కన "మేక?" అది కూడా కొట్టేసి ఉంది, కింద పెన్సిల్‌తో "కీలు అంచు విరిగింది, చెప్పలేం".